పోటుకు ముందు దుప్పి జాడ

కాశీరావు ఆగడు. ఇసుకమొగలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. నాగాయలంకలో బస్సు పూర్తిగా నిలబడకముందే కాలు మెట్టు మీద వేసేవాడు. పెళ్ళిళ్ళలో విస్తళ్ళు వేస్తూ ఉండగానే పంక్తిలో కూర్చునేవాడు. పొయ్యి మీంచి దించిన అన్నం చల్లారనివ్వకుండా ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు తెచ్చుకునేవాడు.

"నా మెళ్ళో తాళి కూడా పంతులుగారు మంత్రం ఎత్తుకోకముందే కట్టేశాడు ఈ మడిసి. ఆయన మంత్రం చదువుకుంటా మా ఎనకాల పరిగెత్తాడు," అని పోలేరమ్మ నలుగురిలో నవ్వించేది. ఆ మాట విన్నప్పుడల్లా కాశీరావు కూడా నవ్వేవాడు, కానీ నవ్వు పూర్తికాకముందే లేచి పడవ దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవిలోకి చీలిపోయిన పాయల్లో పీతలు పట్టి బతికే మనిషి ఆయన. సన్నగా, పడవ తోసే గెడకర్రలాగే ఉంటాడు. జుట్టు సగం నెరిసింది. మాట తక్కువ. అయితే ఊరికి ఆయన అవసరం పీతల కోసం కాదు. వేటకు పోయిన పడవ తిరిగి రాకపోతే, రేవులో ఎవరైనా కాలుజారితే, పుష్కరాలకో శివరాత్రికో మునకకు దిగినవాళ్ళు పైకి తేలకపోతే, ముందు కాశీరావు గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు సంగతి చెప్పడం పూర్తయ్యేసరికి ఆయన కట్ట దిగిపోయి ఉండేవాడు. బతికుండగా తెచ్చినవాళ్ళు కొందరు, ప్రాణం పోయాక తెచ్చినవాళ్ళు చాలామంది. ఒకసారి విజయవాడలో బ్యారేజీ దిగువన ఇంజనీరింగ్ పిల్లలు ఇద్దరు మునిగితే అక్కడిదాకా కబురుపెట్టి తీసుకువెళ్ళారు. ఈయన వెళ్ళేసరికి అక్కడి గజఈతగాళ్ళు గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నారు. "నీళ్ళు తగ్గాక దిగుదాం పెద్దాయనా, కాసేపు కూర్చో," అన్నారట. కాశీరావు చొక్కా విప్పి వాళ్ళ ఒళ్ళో పడేసి దిగాడట.

ఎందుకు ఆగడో ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు. పిల్లలకు ఎవరూ చెప్పరు.

డెబ్బై ఏడు ఉప్పెననాటికి కాశీరావు చిన్నపిల్లవాడు. తండ్రి భుజాన ఎక్కి, తాడిచెట్టు మట్టలు పట్టుకుని రాత్రంతా బతికాడు. తల్లి చేయి ఎప్పుడు జారిందో తండ్రికీ తెలియదు, పిల్లవాడికీ తెలియదు. తెల్లవారేసరికి ఎటు చూసినా నీరే. ఆ నీటిలో పశువులు, తాటాకు కప్పులు, మనుషులు. పిల్లవాడు అమ్మ అమ్మ అని ఏడుస్తుంటే తండ్రి ఒకటే మాట అన్నాడు. "నీరు తియ్యనీరా. తీస్తే కనబడద్ది."

తండ్రి అన్నది తప్పు కాదు. ఆ నీటిలో దిగితే ఆయన కూడా పోయేవాడు, చెట్టు మీద బిడ్డ ఒంటరివాడయ్యేవాడు. నీరు తీసింది. వెనక్కి పోయాక బురద మిగిలింది. తల్లి కనబడలేదు. వారం తర్వాత, కట్ట మీద గంజి పోసేచోట ఒక ముసలామె ఎవరితోనో అన్నది కాశీరావు చెవిన పడింది. "ఆ పొద్దున తుమ్మచెట్ల కాడ మజ్జానం దాకా ఎవత్తో పిలుస్తానే ఉందమ్మా. ఆ తర్వాత ఇనబళ్ళా."

ఆ పిలిచింది ఎవరో ముసలామెకు తెలియదు. కాశీరావుకు మాత్రం తెలుసు. తండ్రి బతికినన్నాళ్ళూ ఆ మాట ఆయనతో అనలేదు. ఎవరు పిలిచినా ఆగకుండా పోవడం మాత్రం అలవాటు చేసుకున్నాడు. కార్తీకమాసంలో ఉప్పెన రోజు వస్తే ఊళ్ళో వాళ్ళు దొరకనివాళ్ళ పేరున కట్ట మీద అన్నం ముద్దలు పెడతారు. కాశీరావు ఇంటి ముద్ద పోలేరమ్మ పెట్టేది. ఆ పూట ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు.

ఇంత ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఆ ఆదివారం పొద్దున ఆయన చేసిన పని ఒక్కనాటిది కాదని తెలియడానికి.

హేమసుందర్ కాశీరావు పినతండ్రి కూతురి కొడుకు, వరసకు మేనల్లుడు. విజయవాడలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. పటమటలో అద్దెకు ఉంటాడు. చదువుకునే రోజుల్లో విలువిద్య నేర్చుకున్నాడు. కృష్ణ ఒడ్డున గురువుగారి దగ్గర పొద్దున్నే వెళ్ళి బాణాలు వేసేవాడు. జిల్లా పోటీల దాకా వెళ్ళాడు, ఆపైన పిలుపు రాలేదు. అట్ట మీద గీసిన రంగు చక్రాలకు కొట్టి కొట్టి విసుగొచ్చిందో, తనకు రాని పిలుపు మీద కోపమో, ఉద్యోగం వచ్చాక కప్పీలు బిగించిన కొత్తరకం విల్లు ఒకటి తెప్పించుకున్నాడు. ఫోనులో పరదేశాలవాళ్ళు అడవుల్లో వేటాడే వీడియోలు చూస్తుండేవాడు. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా మోటారుసైకిల్ మీద వీపున ఆ విల్లు సంచీ వేసుకుని మేనమామ ఇంటికి వచ్చేవాడు. అడిగినవాళ్ళకు "గిటార్" అని చెప్పేవాడు.

"గిటారైతే ఒక పాట వాయించరా అల్లుడూ," అని పోలేరమ్మ ఏడిపించేది.

"తీగ తెగిందత్తా."

"తీగ తెగితే బాగుండేది. అందులో ఏముందో నాకు తెలవదనుకోకు."

ఆ మధ్య సరుగుడు తోటల పక్క చేలల్లో అడవిపందులు పడి వేరుశనగ తవ్వేస్తున్నాయి. హేమసుందర్ స్నేహితుడి చేను కూడా అక్కడే ఉంది. పందిని కొడతానని హేమసుందర్ మాటిచ్చాడు. శనివారం సాయంత్రం వచ్చి మేనమామ ఇంట్లో తిని పడుకుని, చీకటితో లేచి చెప్పకుండా వెళ్ళాడు. పొద్దు పొడుస్తుండగా తిరిగివచ్చాడు. అప్పుడు కాశీరావు వాకిట్లో కూర్చుని పీతల బుట్టలకు తాడు కడుతున్నాడు.

మేనల్లుడి ముఖం చూసి చేతిలో తాడు వదిలేశాడు.

"ఏంట్రా?"

"మావయ్యా, ఒకసారి లోపలికి రా."

"ఇక్కడ చెప్పు."

హేమసుందర్ తువ్వాలు విప్పాడు. అందులో ఒక బాణం ఉంది. ఈకల దాకా నెత్తురు పూసుకుని ఉంది. నెత్తురు ఎర్రగా లేదు. నాచు కలిసిన బురదలాగా పచ్చగా, జిగటగా ఉంది.

"పంది అనుకున్నా," అన్నాడు హేమసుందర్. "చీకట్లో కదిలింది. వేశా. దూసుకుపోయి అవతల పడింది బాణం. తీరా అరుపు విని చూస్తే జింక."

ఊళ్ళో వాళ్ళు జింక అంటారు గాని అది చుక్కల దుప్పి. సరుగుడు తోటలకూ మడకూ మధ్య ఉన్న ఉప్పునేల మీద, అక్కడ దాన్ని పర్ర అంటారు, ఒకప్పుడు మందలుగా తిరిగేవి. ఇప్పుడు పొద్దున్నే మంచులో ఒకటో రెండో కనబడితే పిల్లలు చెప్పుకునే సంగతి అయింది.

కాశీరావు బాణం తీసుకుని వాసన చూశాడు. పశువుల కొట్టంలో వాసన. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పొట్టలో తగిలిందిరా. గుండెల్లో కాదు. ఇది తొందరగా చావదు."

"తెలుసు మావయ్యా."

"ఎటు పోయింది?"

"పర్ర మీదుగా మడలోకి."

కాశీరావు లేచాడు. కత్తి మొలలో పెట్టుకున్నాడు. గెడ అందుకోబోయాడు. హేమసుందర్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగు మావయ్యా. ఇప్పుడు పోకూడదు. పొట్టలో తగిలిందాన్ని వెంటనే తరమకూడదంట. వదిలేస్తే దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. సాయంత్రం దాకా వదిలెయ్యాలి. అప్పుడు పోతే పడుకున్నచోటే ఉంటుంది. ఇప్పుడు పోతే లేచి పరిగెడుతుంది, ఇక దొరకదు. వేటాడే వాళ్ళందరూ అదే చెప్తారు."

"ఎవరు చెప్పారు? నీ ఫోనా?"

"ఫోనైతే ఏంటి, నిజమే కదా."

"వాళ్ళ అడవిలోకి పోటు వస్తదా?"

హేమసుందర్ అడ్డం తొలగి పక్కకు జరిగాడు.

"ఈరోజు అమావాస్య. పొద్దెక్కేసరికి పోటు మడ నిండి పర్ర అంచు దాకా వచ్చేస్తది. నెత్తురు జాడ ఉండదు, గిట్టల జాడ ఉండదు. మడలో పడుకుని ఉంటే అది లేవలేక నీళ్ళలో ఊపిరాడక చస్తది. సాయంత్రం పోయి ఏం చూస్తావు?"

పోలేరమ్మ గుమ్మంలోకి వచ్చింది. తువ్వాలు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకు అర్థమైంది. "ఓరి నీ చేతులిరగా," అని మేనల్లుణ్ణి ఒక మాట తిట్టి, మొగుడి వైపు తిరిగింది. "ఆ పిలగాడు చెప్పేది ఒక్క నిమిషం ఇను. నా నాయన ఎనుబోతుకు పొట్టలో కొమ్ము దిగితే తరమొద్దనేవాడు. దాని మానాన దాన్ని పడుకోనిస్తేనే నయం అనేవాడు."

"ఎనుబోతు కట్టుగొయ్యకి ఉంటదే. ఇది ఉంటదా?"

"నీకెప్పుడూ పోవాలనే గాని."

"పోకుండా కూచుని ఏం చేస్తారు?" అన్నాడు కాశీరావు. గొంతు పెద్దది చేయలేదు. "కూచుంటే నీరు తీస్తది. తీస్తే ఏం కనబడద్దో నాకు తెలుసు."

ఆ మాటకు పోలేరమ్మ బాణాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టేసింది.

విల్లు తెస్తానన్నాడు హేమసుందర్. కట్ట మీద జనం తిరిగే వేళ, ఫారెస్టు వాచరు కూడా అటే తిరుగుతాడు, వద్దన్నాడు కాశీరావు. బాణాన్ని పోలేరమ్మ పీతల బుట్టల కింద దాచింది. ఇద్దరూ వట్టి చేతులతో, ఒక్క చేపల కత్తితో బయలుదేరారు.

పర్ర మీద జాడ తేలిగ్గానే దొరికింది. ఉప్పునేలలో పెరిగే ఎర్రటి దుబ్బుల మీద నెత్తురు చుక్కలు కనబడవు. కాశీరావు వంగి ఆకులను వేలితో తాకుతూ నడిచాడు. వేలికి తడి అంటినచోట ఆగి ముందుకు చూసేవాడు. మెత్తటి నేలలో గిట్టలు రెండూ విడివడి దిగిన గుర్తులు. బరువు ఒకవైపే పడుతోంది. పరిగెత్తలేదు, నడిచింది. నడుస్తూ రెండుచోట్ల నిలబడింది. నిలబడినచోట పచ్చటి జిగురు గుప్పెడంత ఉంది. దాని మీద అప్పుడే ఈగలు వాలాయి.

"ఎంత దూరం పోయుంటది మావయ్యా?"

"దూరం పోదు. దప్పిక్కి నీటికేసి పోతది."

"మంచినీళ్ళు లేవు కదా అటు."

"దానికేం తెలుసురా."

పర్ర దాటి మడ అంచుకు వచ్చారు. పాయలో నీరు ఇంకా కిందనే ఉంది. బురద మీద పీతలు ఎండకాచుకుంటూ వీళ్ళ అడుగు చప్పుడుకు బొరియల్లోకి దూరుతున్నాయి. దూరంగా, పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర తెల్లటి నురుగు గీత కనబడింది. పోటు మొదలైంది. కాశీరావు దాని వంక ఒకసారి చూసి నడక పెంచాడు. హేమసుందర్ బురదలో మోకాలి దాకా దిగబడి కాళ్ళు పీక్కుంటూ వెనకబడ్డాడు. "మెల్లగా మావయ్యా, చప్పుడు చెయ్యకు," అన్నాడు రెండుసార్లు. ముందున్న మనిషి వినలేదు.

పాయ వంపులో మడచెట్ల మధ్య ఇసుక పేరుకున్న దిబ్బ ఒకటి ఉంది. దాని మీద నాలుగు తిల్లచెట్లు, కాస్త గడ్డి. కాశీరావుకు ఆ దిబ్బ కొత్త కాదు. వానాకాలం ఎన్నోసార్లు దాని అంచున పడవ కట్టుకుని అన్నం తిన్నాడు. జాడ అటే వెళ్ళింది. కొమ్మలు తప్పించుకుని ఆయన దిబ్బ ఎక్కేసరికి, తిల్లచెట్ల నీడన దుప్పి పడుకుని ఉంది.

కాళ్ళు ముడుచుకుని, తల నిలబెట్టుకుని ఉంది. మగది. కొమ్ములు ఇంకా లేతవి. పొట్ట పక్క బొచ్చు తడిసి అట్టకట్టింది. డొక్క ఎగిరెగిరి పడుతోంది. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ఇంకొంచెం సేపైతే తల నేలకు వాలేది. అది కాశీరావుకు చూడగానే తెలిసిపోయింది. చావు దగ్గరపడిన ఒళ్ళు ఆయన ఎన్ని చూడలేదు. అక్కడ, ఆ క్షణాన, జీవితంలో మొదటిసారి వెనక్కి ఒక అడుగు వేయాలని అనిపించింది ఆయనకు.

అడుగు వేశాడు. కాలి కింద ఎండిన మడవేరు పుటుక్కున విరిగింది.

దుప్పి లేచింది. లేవలేక లేచింది. ముందుకాళ్ళ మీద ఒక్కసారి కూలబడి, మళ్ళీ లేచింది. వీళ్ళ వైపు చూడలేదు. దిబ్బ దిగి, బురదలో పడుతూ లేస్తూ, పాయలోకి దిగింది. పోటునీరు అప్పటికే పాయలో కదులుతోంది. తల ఒక్కటే పైన పెట్టుకుని ఈదింది. ప్రవాహం దాన్ని లోపలికి, మడ దట్టంగా ఉన్నవైపుకు ఏటవాలుగా తీసుకుపోయింది. అవతలి ఒడ్డున వేళ్ళ మధ్య దాని వీపు మీది చుక్కలు ఒక్కసారి కనబడ్డాయి. ఆ తరవాత లేవు.

హేమసుందర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే కాశీరావుకు గట్టిగా తగిలింది.

"పడవ తెస్తా," అని కట్టకేసి నడిచాడు కాశీరావు.

పడవతో వచ్చేసరికి నీరు మడ మొదళ్ళకు వచ్చేసింది. గెడ వేస్తూ పాయ అవతల, కొమ్మలు నీటిని తాకేచోట్ల, ఒక్కో సందులోకి పోనిచ్చి చూశారు. జాడ ఉండవలసిన బురద మీద నీరు నిలిచి ఉంది. ఒకచోట లోపల నీళ్ళు చప్పుడయ్యాయి. కాశీరావు గెడ ఆపి విన్నాడు. మళ్ళీ చప్పుడు. ఊపిరి తీస్తున్నట్టు, ముక్కులోంచి. అటు పోనిచ్చాడు. వేళ్ళకు పడవ తగిలి ఆగిపోయింది. దిగాడు. నడుము లోతు. చెట్లను పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన వెళ్ళినకొద్దీ చప్పుడు దూరమైంది.

"అది నిన్ను చూసే పోతోంది మావయ్యా," అని పడవలోంచి అన్నాడు హేమసుందర్. కసితో అనలేదు, ఏడుపు గొంతుతో అన్నాడు. "వచ్చెయ్."

కాశీరావు నీళ్ళలో చెట్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తరవాత వచ్చి పడవ ఎక్కాడు.

ఇద్దరూ అటూ ఇటూ కూర్చున్నారు. పడవ దానంతట అది నెమ్మదిగా తిరుగుతోంది.

"మావయ్యా."

"ఊఁ."

"అది పంది అనుకోలేదు."

కాశీరావు తల తిప్పలేదు.

"వెలుగొచ్చేసింది అప్పటికే. కొమ్ములు కనబడ్డాయి. అటు పక్కకు తిరిగి మేస్తోంది. అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. కొట్టగలనా లేదా అని... అంతే. వేరే ఏం లేదు."

"నాకు తెలుసురా."

"ఎట్టా?"

"పందైతే నా కాడికెందుకొస్తావు? బాణం తుడుచుకుని నిద్రపోయేవాడివి."

హేమసుందర్ తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. కాశీరావు తిట్టలేదు, ఓదార్చలేదు. కుర్రవాడు కొట్టినది ఒకసారి. తాను లేపినది ఇంకొకసారి. ఏది ఎక్కువ అని లెక్కవేయడానికి ఆయనకు మనసు రాలేదు.

మధ్యాహ్నానికి పోటు నిండింది. అమావాస్య పోటు అనుకున్నట్టే పర్ర అంచు దాకా వచ్చింది. మడ అంతా నడుము లోతు నీళ్ళలో నిలబడింది. ఇంటికి మళ్ళించిన పడవ పాయ వంపు తిరిగినప్పుడు కాశీరావు ఆ దిబ్బను చూశాడు.

దిబ్బ మునగలేదు. చుట్టూ నీరు, మధ్యన నాలుగు తిల్లచెట్లు, ఎండిన గడ్డి. దుప్పి పడుకున్న మేర గడ్డి నలిగి ఉంది. దాని మీద తడి లేదు. నీరు దిబ్బ చుట్టూ కందకంలా నిలిచి ఉంది. నక్క రాలేదు అక్కడికి, కుక్క రాలేదు, మనిషి రాలేడు. ఆ నీడన అది తల వాల్చి, తన మానాన తాను పోయేది. సాయంత్రం ఆటుకు వచ్చి ఇద్దరూ దాన్ని అక్కడే చూసేవాళ్ళు. గొయ్యి తీసి పూడ్చేవాళ్ళు.

ఏ పోటుకూ ఆ దిబ్బ మునగదని కాశీరావుకు తెలియనిది కాదు. వానాకాలం దాని అంచున పడవ కట్టినవాడు ఆయనే. దుప్పికి కూడా తెలుసు, అందుకే వెతుక్కుని అక్కడికి చేరింది. పొద్దున వాకిట్లో నిలబడి పోటు గురించి అంత చెప్పిన మనిషికి, ఆ ఒక్క దిబ్బ మాత్రం గుర్తురాలేదు.

"చూశావా," అన్నాడు.

హేమసుందర్ చూశాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు. కాశీరావు చెప్పలేదు.

ఇంటికి వచ్చాక పోలేరమ్మ అన్నం పెట్టింది. కాశీరావు ముట్టలేదు, హేమసుందర్ కెలికి లేచాడు. మర్నాడు ఆఫీసు. విల్లు సంచీ తగిలించుకోబోయి ఆగాడు.

"ఇది ఇక్కడ ఉంచనా అత్తా?"

"నా కొంపలో వద్దు. ఏ కాలవలో పడేస్తావో పడేసుకో." కాసేపటికి మళ్ళీ ఆవిడే, "జాగర్తగా పో. మొవ్వ కాడ రోడ్డు బాలేదంట," అన్నది.

అతను వెళ్ళిన తరవాత కాశీరావు కట్ట మీదికి వెళ్ళాడు. పాయకు ఎదురుగా కూర్చున్నాడు. నీరు నిండుగా, కదలకుండా ఉంది. తెల్లకొంగలు మడ కొమ్మల చివర్ల మీద వాలి ఉన్నాయి. ఫారెస్టు వాచరు యేసుకుమార్ సైకిల్ మీద వస్తూ ఆగాడు.

"ఏం పెద్దయ్యా, ఈ టైములో కూర్చున్నావు? ఎవరన్నా మునిగారా?"

"లేదు."

"మరి పడవ తియ్యలేదే. నువ్వు కూర్చోవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

కాశీరావు పాయ వైపే చూస్తున్నాడు. వాచరు కొంచెంసేపు నిలబడి, పాయ వైపు చూసి, వెళ్ళిపోయాడు.

పొద్దు వాటారుతుండగా పోలేరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ. పక్కన కూర్చుని మూత తీసింది.

"పొద్దుటి నించి కడుపులో ఏం లేదు. ఇంటికి పోదాం రా."

"ఆటు రానీ."

పోలేరమ్మ మూత పట్టుకున్న చేయి అలాగే ఉంచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట 'రానీ' అన్న మాట ఆవిడ విని ఉండలేదు. బస్సు రానీ, పెళ్ళివారు రానీ, వాన తగ్గనీ, ఇవన్నీ ఆవిడ మాటలు. హాస్యానికి ఏదో అనబోయింది. క్యారేజీ మూత పెట్టేసి ఊరకే కూర్చుంది.

నీరు తీసింది. మొదట మడ మొదళ్ళ మీద తడిగీత కనబడింది. తరవాత వేళ్ళు, తరవాత బురద. కాశీరావు లేచి పాయ దాటి, పొద్దున తాను చెట్టు పట్టుకుని నిలబడిన చోటుకు వెళ్ళాడు. అక్కడి నుంచి లోపలికి వెళ్ళాడు. బురద అలికిన వాకిలిలా నున్నగా ఉంది. దాని మీద గిట్టజాడ లేదు. నెత్తురు లేదు. తన పొద్దుటి అడుగులు కూడా లేవు. పీతలు మాత్రం బయటికి వచ్చి, సన్నటి గీతలు గీసుకుంటూ అన్ని దిక్కులకూ తిరుగుతున్నాయి. చచ్చినదాన్ని తినడానికి అన్నీ ఒకే దిక్కుకు పోతుంటే వాటి వెంట పోయేవాడు. అటొకటి ఇటొకటి పోతున్నాయి.

కదలకుండా నిలబడి విన్నాడు. దూరాన సముద్రం హోరు. ఎక్కడో నీటిచుక్క ఆకు మీంచి జారి పడింది. మనిషి పిలుపో, పశువు ఊపిరో, ఏదైనా వినబడుతుందేమోనని వెలుగు ఉన్నంతసేపూ విన్నాడు. వినబడలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి పోలేరమ్మ లేచి నిలబడి ఉంది. ఆయన కాళ్ళ బురద చూసి, పడవలోని చెంబుతో పాయలో నీళ్ళు ముంచి తెచ్చింది. ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే మెల్లగా అన్నది.

"కొన్నాళ్ళు ఈ పాయలో బుట్టలు దించకు."

ఉప్పెన తరవాత చాన్నాళ్ళు ఇసుకమొగలో ఎవరూ చేప ముట్టలేదు, పీత ముట్టలేదు. అవి ఏం తిని బలిసాయో అందరికీ తెలుసు. పోలేరమ్మ ఆ మాట చెప్పడం అంటే దుప్పి చచ్చిందని ఒప్పుకోమనడమే. కాశీరావుకు అది తెలిసింది.

"రేపు పొద్దున్నే ఇంకొకసారి చూస్తా," అన్నాడు.

"చూడు."

"ముందు పోతే లేచి పోతదేమో."

"ఆగి పో."

"ఆగితే..." అని, ఆ మాట పూర్తి చేయలేదు. కడిగిన కాళ్ళతో కట్ట మీద నిలబడ్డాడు. ఇంటివైపు ఒక అడుగు వేశాడు. పాయవైపు తిరిగాడు. మళ్ళీ నిలబడిపోయాడు. పోలేరమ్మ క్యారేజీ చంకన పెట్టుకుని ముందు నడిచింది. వెనక అడుగుల చప్పుడు రాకపోతే ఆగింది. పిలవలేదు. కింద పాయలో నీరు మళ్ళీ పోటుకు తిరుగుతోంది.